గుళికల సంచులు

తెడ్డు రెండో దెబ్బకి బావ నుదురు చిట్లింది. నెత్తురు కంట్లోకి దిగుతున్నా ఆయన చెయ్యి అడ్డం పెట్టుకున్నాడే తప్ప తిరగబడలేదు. చెరువు ఒడ్డు పొడుగునా పచ్చటి తెట్టులో చచ్చిన చేపలు తెల్లగా తేలుతున్నాయి.

“అక్క మొగుడివని ఊరుకుంటాననుకున్నావా?” జాలరి అరిచాడు. “నువ్వు కట్టిన సంచుల్లోంచి నీళ్ళలోకి దిగిన మందే నా చేపల్ని పొట్టన పెట్టుకుంది!”

“మందు కాదురా! పొలాల్నించి వచ్చే ఎరువుల్లో భాస్వరాన్ని ఆ గుళికలు పీల్చేస్తాయి. లేకపోతే నాచు పెరిగిపోయి చేపలకి ఊపిరాడదు.”

“మరి ఆడిందా?” తెడ్డు ఈసారి భుజం మీద పడింది. ఎముక పటుక్కుమంది.

బావ కూలబడ్డాడు. కాలవ చెరువులో కలిసేచోట కట్టిన తాడు రెండో చేత్తో లాగాడు. తాడొక్కటే వచ్చింది.

“సంచులేవిరా?”

“మా ఇంటిదగ్గర, వలల దండెం మీద,” అన్నాడు జాలరి రొప్పుతూ. “నువ్వు ఊరెళ్ళిన రోజే తీసి ఆరేశాను. అల్లిక సంచులు కదా, వలలాగే రోజుల తరబడి నీళ్ళలో నానితే కుళ్ళిపోవూ? మీ ఆఫీసువాళ్ళిచ్చినవి పాడైతే నీ ఉద్యోగానికి ఎసరొస్తుందని...”

అతను కిందికి చూశాడు. పన్నెండు రోజులుగా సంచులు ఎండలో ఉన్నాయి. అతను మోకాళ్ళదాకా నాచులో ఉన్నాడు.

తెడ్డు చేతిలోంచి జారింది. బావ దాన్ని అందుకున్నాడు. జాలరి ఆయన ముందు తల వంచాడు.

“కొట్టు బావా.”

బావ తెడ్డు ఊతంగా లేచాడు.

“ముందు ఆ సంచులు పట్రా. నువ్వే కట్టాలి, నాకు ఈ చెయ్యి లేవట్లేదు.”