సంగటి కట్టె

తలుపుకు గడియ వేసి ఉంటే మగవాడు లోపల ఏం చేసినా అది మగవాడి పనే. మరుగుతున్న ఎసట్లో రాగిపిండి పోస్తూ గుర్రప్ప ఈ మాటను మరోసారి నమ్మాడు. ఊళ్లో అయితే పొయ్యి దగ్గరికి పోవలసిన పనే లేదు. అమ్మ ఉంది, వదిన ఉంది. ఈ మలయా దేశపు రబ్బరు తోటలో ఉన్నది తనూ, భార్య సుబ్బక్కా. తన పని మధ్యాహ్నానికే అయిపోతుంది. ఆమె పొగ షెడ్డులో రబ్బరు షీట్లు ఆరవేసి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళవుతుంది. అందుకే ఒక వారం వంట ఆమెది, ఒక వారం తనది. న్యాయంగానే ఉంది. న్యాయమైన పనికి గడియ ఎందుకన్న ప్రశ్న మాత్రం ఉడకని పిండిలా అడుగున ఉండిపోయింది.

కుండ దించి, గుడ్డ చుట్టి, పాదాల మధ్య అదిమి పట్టాడు. కృష్ణగిరి పక్క పోచంపల్లి సంతలో కొని, ఓడలో వెంట తెచ్చుకున్న సంగటి కట్టెతో గెలకసాగాడు. చేయి బాగా తిరిగింది. వరసగా ఇళ్లు కట్టిన ఈ కూలీల లైనులో ఇంత వాటంగా గెలికే ఆడది కూడా లేదనుకున్నాడు.

తలుపు చప్పుడైంది.

"గుర్రప్పా! నేనప్పా, తిమ్మయ్యను. తలుపు తియ్యి."

గుర్రప్ప చేతులు ఆగిపోయాయి. తిమ్మయ్య లైనుకంతా పెద్ద. ఊరికి పోయే ఉత్తరాలన్నీ రాసేది అతనే. అతని నోట పడినవాడు మళ్లీ లేవలేదు. కిందటేడు ముత్తప్ప కొళాయి దగ్గర చేపలు కడుగుతూ కనబడితే 'ముత్తక్క' అని పేరు పెట్టాడు. ఆ పేరు సముద్రం దాటి అతని సొంతూరు బాగలూరు దాకా పోయింది. ముత్తప్ప తోటే మారిపోయాడు.

చేతులు పంచెకు తుడుచుకుని గడియ తీశాడు.

"రాన్నా. ఏమి, ఇట్ల వస్తివి?"

"రేపు ఉత్తరాలు రాస్తా ఉండాను. మీ అన్నకు ఏమన్నా రాయాల్నా?" తిమ్మయ్య లోపలికి వచ్చి పీట మీద కూర్చున్నాడు. "సుబ్బక్క యాడ?"

"షెడ్డుకు పోయింది. వంట చేసిపెట్టి పోయింది." అబద్ధం అంత సులువుగా వచ్చినందుకు గుర్రప్పకు తన మీద తనకే ముచ్చటేసింది.

తిమ్మయ్య కుండ వైపు చూశాడు. ఆవిరి దూలం దాకా పోతోంది.

"ఎప్పుడు పోయింది?"

"పొద్దున్నే."

"మంచి కుండప్పా నీది. పొద్దున చేసిన సంగటి ఇంకా పొగలు పోతా ఉంది."

"ఇప్పుడే వేడి చేసుకొంటి."

"మీసానికి పిండి గూడా ఆమే పూసి పోయిందా?"

గుర్రప్ప మీసం తుడుచుకున్నాడు. అబద్ధమూ సంగటి లాంటిదే. మధ్యలో గెలకడం ఆపితే గడ్డలు కడుతుంది. ఆపలేదు.

"డబ్బాలో పిండి ఎంతుందో చూస్తి లేన్నా. ఎగిరిపడింది."

తిమ్మయ్య నవ్వలేదు. అందుకే భయం వేసింది. నవ్వితే ఇక్కడితో పోతుంది. నవ్వకుండా దాచుకున్నది రేపు ఉత్తరంలోకి ఎక్కుతుంది. కృష్ణగిరి ఆనకట్ట పనిలో ఉన్న అన్న దాన్ని పదిమంది కూలీల ముందు చదివించుకుంటాడు.

"అయితే ఏమి రాసేది?"

"బాగుండానని రాయన్నా. అంతే."

"బాగుండాడని," అన్నాడు తిమ్మయ్య. లేవలేదు. చూపు మళ్లీ కుండ వైపే పోయింది.

అప్పుడే బయట సుబ్బక్క గొంతు వినబడింది. మనిషి కంటే మాటే ముందు లోపలికి వచ్చింది.

"ఏమయ్యా, అయిందా నీ సంగటి? ఈపొద్దన్నా సరిగ్గా గెలికినావా, నిన్నటి మాదిరి గడ్డలేరుకొని గోలీలాడుకోవాల్నా?"

గడపలో అడుగు పెట్టి, తిమ్మయ్యను చూసి కొంగు సర్దుకుంది. ఒక్క క్షణమే తడబడింది.

"నువ్వుండావా అన్నా! అది... పొద్దున నేనే గెలికిపెట్టి..."

గుర్రప్ప ఆమె ముఖం చూశాడు. పొగకు కళ్లు ఎర్రగా ఉన్నాయి. పగలంతా పని చేసి వచ్చిన ఆ కళ్లు ఇప్పుడు తన కోసం అబద్ధమాడడానికి కూడా సిద్ధంగా ఉన్నాయి. ఎవరో పేరు పెట్టడం కంటే అదే ఎక్కువ సిగ్గనిపించింది.

"లేదన్నా," అన్నాడు. "నేనే చేసినాను. ఈ వారం వంతు నాది, పోయిన వారం ఆమెది. మా అన్నకు అట్లే రాయి. గడ్డలు లేవని గూడా రాయి."

చేయి తడుపుకుని, ముద్ద చేసి, సుబ్బక్క పళ్లెంలో పెట్టాడు. పక్కన ఎండుచేపల పులుసు పోశాడు. ఇప్పుడు పేరు పెట్టుకోమన్నట్టు తిమ్మయ్య వైపు తిరిగాడు.

తిమ్మయ్య లేచాడు. గుమ్మం దాకా పోయి, బయట లైను ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు. తర్వాత తనే తలుపు మూసి, గడియ వేశాడు.

"దాంతో పనైపోయిందా?" గొంతు బాగా తగ్గించి అడిగాడు.

"దేంతో అన్నా?"

"ఆ కట్టెతో. నాది రబ్బరు కొమ్మతో చేసుకొన్నది, నిన్న విరిగిపాయ. ఆడ ఎసరు పెట్టేసి వచ్చినాను. మా ఇంటిది వచ్చే పొద్దాయ."

సుబ్బక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గుర్రప్ప కట్టె కడిగి చేతికిచ్చాడు. తిమ్మయ్య భుజం మీది తువ్వాలు తీసి, కట్టె కనబడకుండా చుట్టబోయాడు.

గుర్రప్ప ఆ తువ్వాలు లాగి, మళ్లీ అతని భుజం మీదే వేసి, గడియ తీశాడు.