పరగడుపు మాత్ర

డాక్టరమ్మ ముసలి బోంగ్రే మెడ మీద రెండు వేళ్ళు ఆనించి, "గుటక వెయ్యండి మామ్మగారూ" అంది.

ఆ మాట బోంగ్రే బుర్రకెక్కడానికి కాసేపు పట్టింది. నాన్-హీ ఆమె చెవి దగ్గరికి వంగి, "అమ్మా, గుటక వెయ్యి" అని చెప్పింది. అప్పుడు వేసింది.

"గొంతు ఎప్పట్నించి ఇలా బొంగురుపోయింది?"

"మూడేళ్ళుగా నేను వింటున్నది ఈ గొంతేనండీ."

డాక్టరమ్మ బోంగ్రే కనుబొమల చివర్లు చూసింది. అక్కడ వెంట్రుకలు లేవు. నాడి చూసింది. రక్తపరీక్షకు రాసింది.

వాండో దీవి నుంచి వంతెన దాటి గ్వాంగ్జు పట్నంలోని ఈ ఆసుపత్రి దాకా బస్సులో రెండున్నర గంటలు. ఇంతకుముందు చూసిన ఒక డాక్టరు మతిమరుపు జబ్బన్నాడు. ఇంకొకాయన వయసన్నాడు. ఊళ్ళో మూలికల వైద్యుడు ఆరు నెలలు చేదు కషాయం తాగించాడు. బోంగ్రే మొహం మాత్రం ఉబ్బుతూనే వచ్చింది. ఒంటి మీద చర్మం పొట్టులా రాలేది. కింద నుంచి సెగ పెట్టిన వెచ్చటి నేల మీద రెండు దుప్పట్లు కప్పుకుని కూడా వణికేది. అన్నం తింటూ తింటూ, చెంచా చేతిలో ఉండగానే నిద్రలోకి జారిపోయేది.

మెలకువగా ఉన్నంతసేపూ ఆమెకు ఒకటే ధ్యాస. "అమ్మడూ, ఎక్కడికెళ్ళావ్? అమ్మడూ, తిన్నావా?"

పక్కవారం ఫలితాలు వచ్చాయి.

"ఇది మతిమరుపు జబ్బు కాదు. థైరాయిడ్ గ్రంథి పని దాదాపు ఆగిపోయింది" అంది డాక్టరమ్మ. "పైగా మీ దీవిలో మూడు పూటలా సముద్రపు నాచు చారే కదా. అందులోని అయోడిన్ ఈ జబ్బుని ముదరబెడుతుంది, తగ్గించండి. రోజూ పరగడుపున ఒక మాత్ర. తర్వాత గంట దాకా ఏమీ పెట్టొద్దు. ఈ వయసులో గుండె తట్టుకోవాలి కాబట్టి కొద్దికొద్దిగా పెంచుతాను."

"తగ్గుతుందాండీ?"

"ఎందుకు తగ్గదు?"

నాన్-హీ బోంగ్రే వైపు చూసి అడిగింది. "అన్నీ గుర్తొస్తాయా?"

"నాలుగైదు నెలల్లో చాలావరకు వచ్చేస్తాయి. మీ చిన్నప్పటి అల్లరంతా ఏకరువు పెడుతుంది చూడండి!"

నాన్-హీ తల వంచుకుంది. డాక్టరమ్మ నవ్వుతూ కాగితపు రుమాళ్ళ పెట్టె ముందుకు జరిపింది.

బోంగ్రే చటుక్కున కళ్ళు తెరిచింది. "మా పిల్లనేమన్నావ్? ఎందుకేడిపిస్తున్నావ్?" అని డాక్టరమ్మ మీద విరుచుకుపడింది.

నాన్-హీ బోంగ్రే ఇంటికి వచ్చింది మూడేళ్ళ కిందట, చలికాలంలో ఒక మధ్యాహ్నం. రెండు సంచులతో గుమ్మంలో నిలబడితే బోంగ్రే తలుపు తీసింది. నాన్-హీ చెంపలు రెండూ చేతుల్లోకి తీసుకుని బావురుమంది. "ఇప్పుడా రావడం? తిన్నావా?" అంటూ లోపలికి లాక్కుపోయింది. ఆ తర్వాత నాన్-హీ ఇంకెక్కడికీ పోలేదు. నాచు ఆరబెట్టే షెడ్డులో కూడా ఒంటిపూట పనే ఒప్పుకుంది.

ఎండుచేపలమ్మే ఓక్‌బున్ ఊరుకునేది కాదు. "వృద్ధుల ఆశ్రమంలో చేర్పించి నీ దారి నువ్వు చూసుకోవే! మొహం చూడు, నా చేపలకంటే అన్యాయంగా ఎండిపోయావ్."

"అయితే నన్నూ నీ కొట్లో వేలాడదియ్యి అక్కా."

"నవ్వులాట కాదే. నిన్నెవరూ తప్పుపట్టరు."

గ్వాంగ్జు నుంచి రాగానే నాన్-హీ బోంగ్రేకి మాత్రలు మొదలుపెట్టింది.

మూడో వారానికి బోంగ్రే ఒక దుప్పటి పక్కకి తోసేసింది. రెండో నెలలో మొహం వాపు తీసి, చెంప ఎముకలు బయటపడ్డాయి. ఒకరోజు కిమ్చీ పచ్చడి నోట్లో పెట్టుకుని, "ఉప్పు గుమ్మరించావా ఏంటి?" అని కసిరింది. ఆ తిట్టుకి నాన్-హీ మురిసిపోయి వీధిలో అందరికీ చెప్పుకుంది. ఇంకోరోజు ఓక్‌బున్‌ని చూసి, "నీ రెండోవాడికి పెళ్ళయిందా?" అని అడిగింది. ఓక్‌బున్ చేతిలో గంప కింద పెట్టేసి కళ్ళొత్తుకుంది.

మూడో నెల దాటాక అమ్మడూ అన్న పిలుపు తగ్గింది.

ఒక్కోసారి బోంగ్రే తినడం ఆపి నాన్-హీ వైపే చూస్తూ ఉండిపోయేది. నాన్-హీ తలెత్తితే చూపు తిప్పుకునేది.

ఒక ఉదయం నాన్-హీ ఒక చేతిలో నీళ్ళ గ్లాసు, ఒక చేతిలో మాత్ర పట్టుకుని వంటింట్లోనే నిలబడిపోయింది. ఇంత చిన్న తెల్లటి మాత్ర. తూములోకి జారవిడిస్తే అడిగేవాళ్ళు లేరు. లోపలి గదిలో బోంగ్రే దగ్గింది. నాన్-హీ మొహం కడుక్కుని వెళ్ళి, దగ్గర కూర్చుని మింగించింది. మర్నాడూ మింగించింది. ఒక్కరోజు కూడా తప్పలేదు.

అయిదో నెలలో గ్వాంగ్జు వెళ్తే డాక్టరమ్మ పరీక్ష కాగితం ఊపుతూ, "భేష్! మీరు చూసుకున్నట్టు ఎవరూ చూసుకోరు" అంది. నాన్-హీ వంగి నమస్కారం చేసింది. తిరుగు బస్సులో బోంగ్రే కిటికీ వైపే చూస్తూ కూర్చుంది.

మర్నాడు పొద్దున నాన్-హీ లేచేసరికి బోంగ్రే పక్కబట్టలు మడతపెట్టేసింది. తల దువ్వుకుంది. మాత్ర తనే వేసుకుంది. కనుబొమల చివర్లు సన్నగా మొలిచాయి. కళ్ళు తేటగా ఉన్నాయి.

"అమ్మా, ఆకలేస్తోందా? గంటయ్యాక గంజి వెచ్చబెట్టనా?" అంది నాన్-హీ.

బోంగ్రే ఎదురుగా సర్దుకుని కూర్చుంది. చేతులు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకుంది.

"ఏమీ అనుకోకండి, మీ చేత చాలా చాకిరీ చేయించుకున్నాను" అంది మెల్లగా, "మా అమ్మాయి పడవ మునిగి చనిపోయి పదకొండేళ్ళయింది... మీరు ఆ రోజు గది అద్దెకుందా అని అడగడానికి వచ్చినావిడ కదూ?"