సీటు వెనక్కి జరిగింది

భర్త వాడిన ఖరీదైన కారును అమ్మకానికి పెట్టినప్పుడే లోపాలన్నీ ఆమె చెప్పేసింది. ఏసీ ఆలస్యంగా చల్లబడుతుంది, సన్‌రూఫ్ సగమే తెరుచుకుంటుంది, రెండో తాళం లేదు. ఆ తాళం ఆయనది. ఆయన పోయిన రోజు నుంచి కనపడలేదు.

రాత్రి సెల్లార్‌లో వాళ్లిద్దరే ఉన్నారు. కొనడానికొచ్చిన డెంటిస్టు ఆమె తాళంతో డోరు తీశాడు. ఎవరి తాళంతో తీస్తే వాళ్లకు సరిపడేలా డ్రైవర్ సీటు జరిగే కారు అది. ఆయన పోయాక ఆమె తన తాళానికి తన కొలతే పెట్టుకుంది. ఆమె పొట్టి, కాబట్టి సీటు ముందుకు రావాలి. మోటారు సన్నగా మూలిగింది. సీటు చివరిదాకా వెనక్కి వెళ్లింది.

"ఇది మీ కొలత కాదే, మేడమ్!"

"మావారిది. బతికుండగా నన్ను ఒక్కసారీ నడపనివ్వలేదు. 'నీ కాళ్లు అందవే' అనేవారు."

డెంటిస్టు తాళం ఆమె చేతిలో పెట్టాడు. "రేపు పగలొస్తానండీ" అని, లిఫ్టు కోసం ఆగకుండా మెట్లెక్కాడు.

ఆమె డ్రైవర్ డోరు బార్లా తెరిచి పట్టుకుంది.

"ఏమండీ, దిగండి. దీన్ని అమ్మేసి నాకు సరిపడే చిన్న కారు కొనుక్కుంటున్నా. రేపు ఆ డాక్టరు వచ్చేసరికి మీరిందులో ఉండకూడదు."

ఆమె డోరు వదల్లేదు. కాసేపటికి కారు ఆ పక్కన కొద్దిగా పైకి లేచింది.

"ఇంటికి మాత్రం రావద్దు" అంది ఆమె.