నున్నటి చెక్క

"చెయ్యి తియ్! ముందు చెయ్యి తియ్యవయ్యా!"

వెర్నన్ అరుపుకి హాల్లో సగం మంది ఇటు తిరిగారు.

పాత కోటు వేసుకున్న ముసలాయన ఒకడు అడగకుండానే అతని బల్ల మీది జపాన్ తుపాకీని తడుముతున్నాడు. ఒహాయో పాత తుపాకుల సంతల్లో ఇంతకు మించిన తప్పు లేదు. ఎదుటివాడి పెళ్ళాన్ని చూసి ఈల వేసినా క్షమిస్తారేమో గానీ, అడగకుండా బల్ల మీద చెయ్యి పెడితే క్షమించరు.

"వేలి చెమటకి ఇనుము తుప్పు పడుతుందని తెలీదూ? కళ్ళు కనపడవా?"

"కనపడవు బాబూ," అన్నాడు ముసలాయన. "వెలుగూ నీడా తెలుస్తాయంతే. అందుకే చేత్తో చూస్తున్నా."

వెర్నన్ కొంచెం తగ్గాడు. కొంచెమే. పక్క బల్ల దాకా పోటీ జడ్జీలు వచ్చేశారు మరి. యుద్ధంలో ఎలా ఉందో అలాగే ఉన్న తుపాకీకే బహుమతి. గరుకు కాగితం ఒక్కసారి తగిలినా పోటీలోంచి అవతలికే.

వెర్నన్ తుపాకీకి తగిలింది. ఆ సంగతి అతనొక్కడికే తెలుసు.

అది అతని తండ్రి యుద్ధం నుంచి తెచ్చుకున్న తుపాకీ. వెర్నన్‌కి నాలుగేళ్ళప్పుడు ఆ తండ్రి ఇల్లు వదిలి పోయాడు. పోతూ పోతూ దీని బోల్ట్ ఒక్కటీ ఊడదీసి పట్టుకుపోయాడు. తూటాని లోపలికి తోసే ఆ బోల్ట్ లేకపోతే ఏ తుపాకీ అయినా ఉత్త చేతికర్ర. తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకుంది, ఊరు మారింది, వెర్నన్ ఇంటిపేరూ మారింది. ఆవిడ పోయాక అటక మీద దుప్పట్లో చుట్టి ఈ తుపాకీ దొరికింది.

చెక్క అడుగున చాకుతో చెక్కిన పేరు ఒకటి కనపడింది. బన్నీ.

ఎవత్తో బన్నీ! అమ్మనీ నన్నూ నాన్న దీనికోసమా వదిలేసింది! వెర్నన్ గరుకు కాగితం తీశాడు. ఆ పేరు ఆనవాలు లేకుండా పోయేదాకా రుద్దాడు. పైన రంగేసి, పాత మరకలు పెట్టాడు. వేరే బోల్ట్ ఒకటి తెచ్చి తగిలించాడు.

అయినా తుపాకీ మీదున్న నంబరే ఉండే అసలు బోల్ట్ కోసం తిరగని సంత లేదు. నాన్న దాన్ని ఎవరికో అమ్మే ఉంటాడు; బోల్ట్ దొరికితే ఆ కొన్నవాడు దొరుకుతాడు, వాణ్ని పట్టుకుంటే నాన్న దొరుకుతాడు. ఎందుకు పోయావని ఒక్క మాట అడగాలి. బతుక్కి ఆ ఒక్క మాట చాలు.

"బాబూ, ఈ చెక్క అడుగున అక్షరాలేమన్నా చెక్కి ఉన్నాయా?" అన్నాడు ముసలాయన. "నా వేళ్ళకి తగలడం లేదు."

సరిగ్గా అప్పుడే జడ్జి క్లైడ్ కళ్ళజోడు సర్దుకుంటూ బల్ల మీదికి వంగాడు. వెర్నన్ గొంతు పెంచాడు.

"అక్షరాలా? ఎప్పుడూ లేవు! ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉంది," అన్నాడు, క్లైడ్‌కి కూడా వినపడేట్టు.

"అయితే ఇది కాదులే. ఏమనుకోకు బాబూ."

ముసలాయన బల్ల అంచు పట్టుకుని మెల్లగా కదిలాడు. ఈయనకి అక్షరాల సంగతెందుకు అని వెర్నన్‌కి అనుమానం రాకపోలేదు. ముందు క్లైడ్‌ని వెళ్ళనీ, తర్వాత అడుగుదాంలే అనుకున్నాడు.

క్లైడ్ తాపీగా చూశాడు. మెచ్చుకున్నాడు. "సొంత బోల్ట్ కూడా ఉంటేనా, అబ్బ!" అంటూ మొదటి బహుమతి నీలం రిబ్బన్ కట్టాడు.

వెర్నన్ తలెత్తేసరికి ముసలాయన లేడు.

విడి బోల్టులు అమ్మే ఓపల్ తన బల్ల వదిలి పరుగులాంటి నడకతో వచ్చింది.

"పొద్దున్నే ఎవరి మొహం చూశావోయ్! నీ నంబరు చివర ఆరు వందల పద్దెనిమిదేగా? ఇదిగో!"

ఉన్ని మేజోడులో చుట్టిన బోల్ట్. నంబరు అదే.

"ఎవరిచ్చారు?"

"కళ్ళు కనపడని ముసలాయన. డబ్బొద్దన్నాడు. దీని తుపాకీ కోసం సంతలన్నీ తడుముకుంటూ తిరిగాడట. ఇక నా వల్ల కాదు తల్లీ, ఎవరికి సరిపోతే వాళ్ళకిచ్చెయ్ అని బస్సుకి పోయాడు."

కొన్నవాడు దొరికాడు! వెర్నన్ ఊడి కిందపడ్డ రిబ్బన్ తొక్కుకుంటూ పరుగెత్తాడు.

బస్టాపులో ఎవరూ లేరు. రోడ్డు మీద దుమ్ము కూడా అణిగిపోయింది. ముసలాయన పేరేమిటో, ఊరేమిటో ఎవరూ అడగలేదు.

తిరిగొచ్చి, తను తగిలించిన బోల్ట్ లాగేసి, దీన్ని తోశాడు. టక్కుమని కూర్చుంది.

"ఓపల్, ఆయన బన్నీ అనే పేరేమన్నా ఎత్తాడా?" రొప్పుతూ అడిగాడు. "ఆవిడెక్కడ ఉంటుందో చెప్పాడా?"

"ఆవిడేమిటయ్యా!" ఓపల్ ముక్కు తుడుచుకుంది. "యుద్ధం నుంచి వచ్చాక ఆయనకి బుర్ర నిలకడ తప్పిందట. ఒకరోజు ఒంటి మీద తెలివొచ్చి చూసుకుంటే, ఈ తుపాకీ తన చేతుల్లోనే ఉందట, గురి పసివాడి మీదుందట. ఇంట్లో నేనుంటే ముప్పేనని, బోల్ట్ ఊడదీసుకుని అప్పుడే వెళ్ళిపోయాడట. నయమై తిరిగొచ్చేసరికి ఆ ఇంట్లో ఎవరూ లేరట పాపం. ఆ పసివాణ్నే, నాలుగేళ్ళ తన కొడుకుని, బన్నీ అని పిలుచుకునేవాడట."