నాలుగు డిగ్రీల వేట

"కుక్క దగ్గరికొస్తే వేటగాడు స్కూటరెక్కుతడా అల్లుడా? దిగు ముందు!" అని కసిరాడు రాజేశం.

కరుణాకర్ దిగలేదు. ఎవరిదో స్కూటరు, దాని సీటు మీద నిలబడి వణుకుతున్నాడు. కింద మూడు చిక్కడపల్లి వీధికుక్కలు అతని చేతిలోని ఎముకల కవరునే చూస్తున్నాయి. జనవరి నెల, పొద్దున అయిదున్నర. మంకీ క్యాప్‌లోంచి కళ్లు తప్ప ఏమీ కనిపించడం లేదు గానీ, ఆ కళ్లు చాలు, మనిషి ఎంత భయపడుతున్నాడో చెప్పడానికి.

"మామా, నీకు దండం పెడ్త, వాటిని పొమ్మను!"

"నేనెందుకు పొమ్మంట? హాబీ నీదా, నాదా?"

అంతా ఆ హాబీ తెచ్చిన తంటా. గ్రూప్ వన్ ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లు ఒక ఫారం నింపి ఆ రోజు బోర్డుకివ్వాలి. అందులో హాబీ అని ఒక గడి ఉంటుంది. "పుస్తకాలు చదువుతాం, క్రికెట్ చూస్తాం అని రాస్తే బోర్డువాళ్లకి ఆవలింతలొస్తాయయ్యా. ఎవరికీ లేనిదొకటి రాయండి" అన్నారు కోచింగ్‌లో సూర్యనారాయణమూర్తి గారు. కరుణాకర్ రెండు రోజులు బుర్ర గోక్కుని, 'గడ్డకట్టే చలిలో వేటకుక్కలతో వేట' అని రాసేశాడు. ఊరు ఆదిలాబాద్ అడవి పక్కనే. మేనమామ రాజేశం వయసులో ఉన్నప్పుడు కుక్కల్ని వేసుకుని తిరిగినవాడే. అల్లుడు మాత్రం కుక్క కనిపిస్తే సందు మార్చే రకం.

నవ్వకండి. రెండుసార్లు ఇంటర్వ్యూ దాకా వెళ్లి వెనక్కొచ్చినవాడు. వయసు పరిమితికి ఇంకో అయిదు నెలలే ఉన్నాయి. ఈసారి కూడా పోతే అశోక్‌నగర్ హాస్టల్లో మంచం ఖాళీ చేసి ఊరికి పోవడమే. ఊళ్లో ఎనిమిదేళ్ల నుంచి "ఏం కలెక్టర్ సాబ్" అని పిలుస్తున్నారు. వాళ్లకి ఏ మొహం చూపిస్తాడు? అందుకే మామకి ఫోన్ చేసి, "నాకు వేట నేర్పు మామా" అని బతిమాలి రప్పించుకున్నాడు.

"బొక్క వెయ్యి, దోస్తీ అయితది" అన్నాడు మామ.

కరుణాకర్ బొక్క వెయ్యలేదు. అవతలి పక్కకి దూకి, కవరుతో సహా పరుగు లంకించుకున్నాడు. కుక్కలు ఊరుకుంటాయా?

"అరేయ్, కవర్ పారెయ్యిరా!" అని మామ వెనక నుంచి అరుస్తూనే ఉన్నాడు. ఆ మాట కరుణాకర్ చెవిన పడేసరికి నారాయణగూడ వచ్చింది.

ఇరానీ హోటల్లో కరుణాకర్ మొదటి చాయ్ ఒక్క గుక్కలో తాగేసి రెండోది చెప్పాడు.

"ఉరుకుతుంటే ఏమనిపించింది?" అని అడిగాడు రాజేశం.

"సస్తననిపించింది."

"కుందేలుకు గట్లనే అనిపిస్తది. మంచిగైంది, రాస్కో."

"అది సరే గని, వేట నేరం గద మామా! బోర్డుల అడవి ఆఫీసర్ ఉంటే?"

రాజేశం సాసర్లో చాయ్ పోసుకుని జుర్రి, ఆలోచించాడు. "పట్టుకున్నంక వదిలేసినమని చెప్పు. దాని కండ్లు చూస్తే జాలేసిందను. కలెక్టరయ్యేటోనికి జాలి ఉండాలె."

కరుణాకర్ లేచి మామ కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు.

రెండు రోజులు కూర్చోబెట్టి మామ చెప్పాడు, అల్లుడు రాశాడు. నాలుగు డిగ్రీల చలి. నెగడు పక్కన గోనెసంచి కప్పుకున్న రెండు కుక్కలు, భీముడు, చిలకమ్మ. బయల్దేరేముందు వాటికి వేడి జొన్న అంబలి. మంచుకు తడిసిన నేల మీద కుందేలు వాసన చెదరకుండా ఉంటుందట. ముత్యాల్లాంటి అక్షరాలతో నాలుగు పేజీలయింది.

"నాకొక కాపీ తీయించు. ఊళ్లె చదివిపిచ్చుకుంట" అన్నాడు మామ.

అశోక్‌నగర్ చౌరస్తాలో జెరాక్స్ షాపుకి వెళ్లారు. గోడ నిండా క్లిప్పులకు వేలాడుతున్న నోట్సు కట్టలు చూసి రాజేశం నోరు తెరిచాడు. "ఇవన్ని ఎవరు రాసిన్రు?"

"ఎవరెవరో మామా. మేమంతా ఇవే కొనుక్కోని చదువుతం."

షాపు నడిపే శ్రావణ్ కాగితాలు మిషన్లో పెడుతూ, "చేతిరాత మస్తుందన్నా" అన్నాడు. కరుణాకర్ మురిసిపోయాడు. మామని ఆ సాయంత్రమే బస్సెక్కించాడు.

తర్వాత ఇరవై రోజులు అదే పని. స్నానం చేస్తూ భీముడు, అన్నం తింటూ చిలకమ్మ. చివరికి నిజంగానే తను వేటాడానని అతనికే నమ్మకం కుదిరింది.

ఇంటర్వ్యూ రోజు రానే వచ్చింది. మధ్యాహ్నం మూడు దాటాక పిలిచారు. ఛైర్మన్ గారు ఫారంలో హాబీ గడి చూసి పక్కాయనకి చూపించారు. ఆయన నవ్వాపుకుంటూ ఆ పక్కనున్న మేడం గారికిచ్చారు. ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. బాణం తగిలింది అనుకున్నాడు కరుణాకర్. గుండెలో ధైర్యం పొంగింది.

"చెప్పండి, మీ వేట ఎలా ఉంటుందో" అన్నారు ఛైర్మన్ గారు.

ఇక చూడాలి అతని వరస! చలి చెప్పేటప్పుడు వణికాడు. కుక్కల పరుగు చెప్పేటప్పుడు ఆయాసపడ్డాడు, అది మాత్రం నారాయణగూడలో సంపాదించిన సొంత ఆయాసం. ఎవరూ అడ్డు తగల్లేదు. ఎవరూ ఆవలించలేదు.

"చివరికి దాన్ని పట్టుకుని, కళ్లలోకి చూశాను సార్..."

"జాలేసింది" అన్నారు ఛైర్మన్ గారు.

"అవును సార్!"

"వదిలేశారు."

"అవును సార్!" తన మనసు ఇంతగా చదివిన బోర్డు దొరికినందుకు కరుణాకర్ కళ్లు చెమర్చాయి. ఉద్యోగం వచ్చేసినట్టే.

ఛైర్మన్ గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"బాబూ, పొద్దుటి నుంచి మీరు పదకొండో వేటగాడు."