వాక్యానికీ వాక్యానికీ నడుమ

కృపారాణి బల్ల ముందు నిలబడి, ఇంగ్లీషులో ఒక వాక్యం చెప్పి ఆగింది.

పైన ఫ్యాను తిరుగుతోంది. తరగతి ఎదురుచూస్తోంది.

"సిగ్నల్ పోయినట్లుండాది మేడం," అన్నాడు వెనక నుంచి వీరేష్. అందరూ నవ్వారు.

ఆమె రెండో వాక్యం చెప్పింది. మళ్ళీ ఆగింది.

కర్నూలులో చదువుకు చేరిన కొత్తలో స్వర్ణలత మేడం అందరినీ అడిగింది, ఎట్లా నేర్చుకుంటే ఇంగ్లీషు మీకు తలకెక్కుతుందని. ఒకరు "చూసి" అన్నారు. ఒకరు "రాసి" అన్నారు. "పరీక్ష ముందరి దినం భయపడి," అన్నాడు వీరేష్.

కృపారాణి "విని" అంది. ఎవరిని విని అన్నది చెప్పలేదు.

వాళ్ళ ఊరు కమలాపురంలో చర్చికి బయటి బోధకులు వస్తే, పక్కన నిలబడి తెలుగు చెప్పేది ఆమె నాయన జయపాల్. వాళ్ళు ఇంగ్లీషులో ఒక వాక్యం చెప్పి ఆగేవారు. ఆ సందులో నాయన తెలుగు. ముందు వరుసలో, చాప మీద, ఆ రెండు గొంతుల నడుమ ఆమె పెరిగింది.

పోయిన వేసవిలో నాయనను భూస్థాపన చేశారు.

గొంతు మాత్రం పోలేదు. ఆమె ఇంగ్లీషు చెప్పి ఆగితే చాలు, కుడిచెవి పక్కన అదే మాట తెలుగులో వినిపిస్తుంది, ఆ చిన్న దగ్గుతో సహా. "మా ఊరి పక్కన ఒక ఏరుండాది, అయ్యలారా..."

"కృపా, ఇది మాట్లాడే పరీక్షమ్మా," అంది మేడం. "ఇట్లా ఆగితే నేను పాస్ చెయ్యలేను. ఇంకొక్కసారి చూస్తాను, అంతే. ఆపకుండా చెప్పు."

ఆపకుంటే నాయనకు సందు ఉండదు.

ఊర్లో అమ్మ ఈపాటికి కూలికి పోయి ఉంటుంది, ఈ చదువు కోసమే.

కృపారాణి ఊపిరి పీల్చుకుంది. ఏరు, ఇసుక, అవతలి గట్టున బడి, అన్నీ ఎక్కడా తెగకుండా ఒకే ధారగా చెప్పేసింది.

చప్పట్లు.

"ఇంత పెట్టుకుని ఇన్నాళ్ళు ఎందుకు దాచినావే?" అంది మేడం.

కృపారాణి వరండాలోకి వచ్చి గోడకు ఆనుకుంది. మెల్లగా ఇంగ్లీషులో ఒక వాక్యం చెప్పి ఆగింది.

ఆ చిన్న దగ్గు కూడా వినిపించలేదు.

"ఏమ్మే, గోడతో మాట్లాడుతాండావు?" వీరేష్ పక్కకు వచ్చాడు. "పాసయినావులే. ఇంగ మాలాంటోళ్ళ కోసరం తెలుగులో చెప్పు."

కృపారాణి ఒకసారి కుడివైపు చూసింది.

తరువాత తనే చెప్పింది.