అవతలి గొంతు

మనం పిలిస్తే అవతల వినేవాడు ఉన్నాడా, లేడా?

బట్టల కొట్టాయనకు ఈ సందేహం ఏళ్ల నాటిది. రోజూ పొద్దున్నే దేవుడి ముందు చేతులు జోడిస్తూనే ఉన్నాడు, లోలోపల అనుమానపడుతూనే ఉన్నాడు. అయినా దేవుడి ముందు ఎన్నడూ గొంతు పెంచలేదు. ఆ కోపమంతా కస్టమర్ కేర్ మీద తీర్చుకునేవాడు.

ఆ రోజు పేపర్లో వార్త చూసి మరీ మండిపడ్డాడు. ఫోనెత్తేది మనిషో మిషనో ఇకమీదట ఎవరూ పోల్చుకోలేరట.

"నన్ను మోసం చెయ్యమను చూద్దాం! రెండు ప్రశ్నలేస్తే చాలు, దాని బండారం బయటపడుతుంది," అన్నాడు లిఫ్ట్ ఎక్కుతూ.

"ముందు ఆ పేపర్ మడిచి బటన్ నొక్కరా," అంది అక్క.

ఆమెకు ఆయాసం. మెట్లు దిగలేదు. ఇద్దరూ డాక్టరు దగ్గరికి బయల్దేరారు.

రెండు అంతస్తుల మధ్య లిఫ్ట్ ఆగిపోయింది. లైటు పోయింది. ఫ్యాను కూడా ఆగింది.

అక్క తమ్ముడి మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఒరేయ్, ఊపిరాడట్లేదురా."

ఆయన చీకట్లో తడిమి ఎర్ర బటన్ నొక్కాడు.

"చెప్పండి. భయపడకండి, నేను లైన్లోనే ఉన్నాను," అంది ఒక ఆడగొంతు.

"వచ్చావా! నీ గురించే పొద్దున పేపర్లో వేశారు. నాకు నువ్వొద్దు. ఎవరైనా మనిషికి ఇవ్వు."

"నేను మనిషినేనండీ."

"అలా అనమని నేర్పారన్నమాట!"

"మెకానిక్ బయల్దేరాడండీ. లోపల ఎవరెవరున్నారు?"

"మా అక్క ఉంది. ఆయాసం మనిషి. ఇక్కడ ప్రాణం మీదికొస్తుంటే మిషన్ చేత కబుర్లు చెప్పిస్తారా? సిగ్గులేదా మీ కంపెనీకి?"

"అమ్మా, మీరు కింద కూర్చోండి. వీపు గోడకి ఆనించండి. పెదాలు సున్నాలా చుట్టి, వేడి పాలు ఊదినట్టు మెల్లగా ఊదండి. నాతో పాటు ఊదండి."

చీకట్లో ఆ గొంతు ఊదింది. అక్క ఊదింది.

కొట్టాయన మాత్రం ఊరుకోలేదు. "నీ పేరేంటి?"

"పేరు చెప్పకూడదండీ. మా రూలు."

"చూశావా అక్కా? పేరే లేదు! సరే, పొద్దున ఏం తిన్నావు?"

"ఇంకా ఏమీ తినలేదండీ."

"ఎలా తింటుంది, పొట్టంటూ ఉంటేగా! ఇన్నేసి మాటలంటున్నాను, నీకు కోపం రాదా?"



"రాకూడదండీ. అమ్మా, బాగా ఊదుతున్నారు. ఇంకోసారి."

"ఖాయం. మిషనే. మనిషైతే ఈపాటికి నన్ను నాలుగు దులిపేది."

"నువ్వు నోర్ముయ్యరా!" అంది అక్క, ఊపిరి కూడదీసుకుని. "ఆ పిల్ల మాట నన్ను విననీ."

మెకానిక్ వచ్చి తలుపులు తెరిచేదాకా ఆ గొంతు వదల్లేదు.

బయటికి వచ్చాక అక్క గోడ పట్టుకుని నిలబడింది. "ఆ పిల్లకి థాంక్స్ చెప్పరా. నాకు మాట రావట్లేదు."

"మిషన్‌కి థాంక్సేంటి? రేపు ఫ్రిజ్‌కి కూడా దండం పెట్టమంటావు."

సాయంత్రం లిఫ్ట్ కంపెనీకి ఫోన్ చేసి ఉతికి ఆరేశాడు. "మనుషుల ప్రాణాలు మిషన్ చేతిలో పెడతారా? ఎంత ముద్దుగా మాట్లాడించినా పసిగట్టేశాను. కావాలంటే ఒట్టేసి చెబుతాను, అది మిషనే!"

"చాలా మంచి విషయం చెప్పారు సార్," అన్నారు అవతల.

కొట్టులో అందరికీ కథగా చెప్పాడు. గుమస్తా నవ్వాడు. "అయితే ఈసారి సెలవు కావాలంటే మిషన్ చేత దగ్గిస్తానండీ."

"దగ్గించు. జీతం కూడా దానికే ఇస్తాను."

అక్క తన ఇంటికి వెళ్లిపోయింది. కానీ ఎప్పుడు ఫోన్ చేసినా ఒకటే మాట. "ఆ పిల్లకి చెప్పావా?"

"చెబుతాలే."

ఏడాది గడిచాక అక్కకు నిజంగానే కోపం వచ్చింది. "ఊపిరి తీసుకున్నప్పుడల్లా అప్పుపడ్డట్టు ఉంటోందిరా నాకు. ఆ ఒక్క మాట చెప్పేదాకా నాకు ఫోన్ చెయ్యకు!"

చేసేది లేక ఆయన లిఫ్ట్ ఎక్కాడు. లోపల మెకానిక్ తలుపు సందుకు గ్రీజు రాస్తున్నాడు. కాస్త సిగ్గుపడుతూనే ఎర్ర బటన్ నొక్కాడు.

"ఇదిగో, మా అక్క చెప్పమంది. ఆ రోజు నువ్వు చేసిన మేలు మర్చిపోలేదంది." స్పీకర్ దగ్గరికి ఇంకాస్త వంగాడు. "నేనూ మర్చిపోలేదు. థాంక్సమ్మా."

"లిఫ్ట్ ఆగిపోతే ఒకటి అనండి. తలుపు తెరుచుకోకపోతే రెండు అనండి."

ఆయన బిత్తరపోయాడు. "ఇదేంటి? అప్పుడు ఎంత చక్కగా మాట్లాడింది! పాడైపోయిందా?"

"పాడవలేదు సార్. ఇది కొత్తగా పెట్టారు," అన్నాడు మెకానిక్, చేతిలోని గుడ్డను విసురుగా పడేసి. "అప్పుడు ఇక్కడ మిషనే లేదు. ఆఫీసులో ఒక అమ్మాయి కూర్చుని మాట్లాడేది."

"అమ్మాయా?"

"నన్ను పంపించాక లైన్ కట్ చెయ్యాలి. అది రూలు. పైవాళ్లు అరుస్తున్నా ఆ అమ్మాయి కట్ చేసేది కాదు. లోపలివాళ్లు బయటికొచ్చేదాకా ఉండేది. అలాంటిదాన్ని పంపించేశారు సార్!"

"ఎందుకు?"

"ఎవరో పెద్దమనిషి ఫోన్ చేసి, మీ దగ్గర మాట్లాడేది మిషనేనని ఒట్టేసి చెప్పాడట. జనానికి తేడానే తెలియనప్పుడు జీతమిచ్చి మనిషినెందుకు పెట్టాలని, ఆ వారమే తీసేశారు."